మూత కింది కబురు

యంత్రం కుయ్‌మంది.

"అబద్ధం!" అంటూ జట్టు భద్రత చూసే కర్నల్ ఎవాస్కో లాటరీ తగిలినవాడిలా కుర్చీలోంచి లేచాడు. "చూశారా మేడమ్? మొదటి ప్రశ్నకే దొరికిపోయాడు!"

సరిగ్గా అప్పుడే పెపాంగ్ గుమ్మంలో అడుగు పెట్టింది. అసలు పేరు పెర్పెట్వా డిమాకులాంగన్. మనీలా పోలీసు శాఖలో దొంగల్ని ఏరి ఏరి జుట్టు నెరిశాక రిటైరై, సొంతంగా డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్న మనిషి. ఊళ్లో సగం మందికి ఆమె టీటా పెపాంగ్, అంటే పెపాంగ్ అత్త. మిగతా సగం మంది ఆమె ఎదురొస్తే పక్క వీధిలోకి తిరుగుతారు.

గది మధ్య కుర్చీలో కూర్చున్నవాడు ఈలై మగ్బానువా, తంబాన్ సార్డీన్స్ బాస్కెట్‌బాల్ జట్టు కెప్టెన్. వేళ్లకూ ఛాతీకీ వైర్లు తగిలించి ఉన్నాయి. పెపాంగ్‌ని చూడగానే, పుట్టి బుద్ధెరిగినప్పటి అలవాటు కొద్దీ, ఆమె చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకోబోయాడు. వైర్లు బిగుసుకుని యంత్రం మళ్లీ కుయ్‌మంది.

"పెద్దలకు దండం పెట్టినా అబద్ధమేనా కర్నల్ గారూ?" అంది పెపాంగ్, విసనకర్ర విప్పుతూ.

"మీకు అలాగే ఉంటుంది మరి," అన్నాడు కర్నల్. "జ్ఞానస్నానం నాడు చర్చిలో ఈ పిల్లాణ్ని ఎత్తుకున్నది మీరే కదా. జ్ఞానతల్లి వచ్చి కొడుకు మీద విచారణ చేస్తుందట! పిల్లి వచ్చి పాలకు కాపలా కాసినట్టుంది."

ఆ మాట పెపాంగ్‌కి చురుక్కుమంది. నిజమైన మాటకే అంత చురుకు ఉంటుంది. ఈలై ద్రోహి అని తేలితే తన బోర్డు పీకేసుకుని ఇంట్లో కూర్చోవచ్చు, దానికి ఆమెకు దిగుల్లేదు. కానీ పదిహేనేళ్లు ఒకే చొక్కా వేసుకుని ఆడినవాడి పేరు ఒక్క పూటలో బురదలో పడితే మళ్లీ కడిగేవాళ్లుండరు. ఆమె తట్టుకోలేనిది అదొక్కటే.

మూలన కుర్చీలో జట్టు యజమాని మేడమ్ కారిదాద్ కూర్చుని ఉంది. తండ్రి పెట్టిన చేపల డబ్బాల ఫ్యాక్టరీ ఆమెది, ఆ డబ్బాల పేరే జట్టు పేరు. డెబ్బై దాటినా వెన్ను వంగలేదు. ఇవాళ మాత్రం కాస్త వంగినట్టు కనిపించింది.

"ఇంతకీ ఏమడిగారు?" అంది పెపాంగ్.

"భోంచేశావా అని. మామూలు ప్రశ్నతో మొదలెట్టాలి, అది శాస్త్రం. 'అయింది సార్' అన్నాడు. యంత్రం పట్టేసింది. తిండి దగ్గరే అబద్ధమాడినవాడు జట్టు రహస్యాల దగ్గర ఆగుతాడా?"

పెపాంగ్ బల్ల వైపు చూసింది. యంత్రం పక్కన ఓ పళ్లెంలో వెల్లుల్లి వేసి వేయించిన అన్నం, గుడ్డు, సగం కొరికిన తీపి సాసేజి ఉన్నాయి.

"ఇదెవరిది?"

కర్నల్ మీసం తుడుచుకున్నాడు. "నాది. ఫలహారం."

"అంటే మీరు నమిలేస్తూ 'భోంచేశావా' అన్నారు. ఈ దేశంలో పుట్టినవాడెవడైనా, ఆకలితో కళ్లు తిరుగుతున్నా, ఏమంటాడు? 'ఇప్పుడే అయింది సార్, మీరు కానివ్వండి' అంటాడు. లేదంటే మీ పళ్లెంలో చెయ్యి పెట్టినట్టు. మీ అమ్మగారు నేర్పలేదా?"

కర్నల్ నోరు తెరిచాడు కానీ అందులో సాసేజి ఉండటం వల్ల మాట రాలేదు.

"నిజం చెప్పరా," అంది పెపాంగ్ ఈలైతో. "చివరిసారి ఎప్పుడు తిన్నావు?"

"నిన్న మధ్యాహ్నం నినాంగ్," అన్నాడు ఈలై. జ్ఞానతల్లిని వాడు పిలిచే పిలుపు అది. "ఎదురు హోటల్లో కరే-కరే పెట్టారు. మూడు పళ్లేలు లాగించా. నాలుగోది వడ్డిస్తుంటే రేడియోలో నా పేరు వచ్చింది, నన్ను ఇంకో జట్టుకిచ్చి ఇద్దరు కుర్రాళ్లను తెచ్చుకుంటున్నారని. అక్కడితో సరి. మెతుకు దిగలేదు."

కరే-కరే అంటే ఎద్దు తోకని వేరుశెనగ పులుసులో గంటలకొద్దీ ఉడికించే కూర. ఈలై దాని కోసం ప్రాణం పెడతాడు. అలాంటిది నాలుగో పళ్లెం వదిలేశాడంటే దెబ్బ ఎంత లోతున తగిలిందో పెపాంగ్‌కి వేరే చెప్పక్కర్లేదు.

"తినలేదా?" మేడమ్ కారిదాద్ గబుక్కున లేచి నిలబడింది. "నా జట్టులో ఖాళీ కడుపా? ఫ్యాక్టరీ తెరిచిన రోజు మా నాన్న మొదటి డబ్బా తన చేత్తో కోసి, బీరకాయా సన్న సేమియా వేసి పులుసు కాచాడు. కూలీలంతా తిన్నాకే యంత్రాలు తిప్పాడు. ఈనాటికీ నాకు దాన్ని మించింది లేదు. ఏం లాభం? డాక్టరు ఉప్పు వద్దంటాడు, వంటమనిషి ఇల్లంతా వాసనంటుంది."

"ఆట రోజు సార్డీన్ పేరెత్తకండి మేడమ్," అన్నాడు ఈలై చిన్నగా. "మాకు అరిష్టం."

"నేనమ్మే చేప నీకు అరిష్టమా!"

"ప్రకటనల్లో తిని తిని..." అంటూ ఈలై నసిగాడు. యంత్రం ఈసారి నోరెత్తలేదు.

"యంత్రం మాటకు విలువ లేదంటారా?" కర్నల్ ఇప్పటికి మింగగలిగాడు. "పాతికేళ్ల అనుభవం నాది!"

"అయితే ఒక్క నిమిషం." పెపాంగ్ వైర్లు విప్పి కర్నల్ వేలికి తగిలించింది. ఆయన వద్దనేలోపే అడిగేసింది. "ఇవాళ మన జట్టు గెలుస్తుందా కర్నల్ గారూ?"

మేడమ్ కారిదాద్ ఆయన మొహంలోకి చూసింది. జీతమిచ్చేది ఆమే.

"తప్పకుండా! సందేహమే లేదు!" అన్నాడు కర్నల్.

యంత్రం కుయ్‌మనడమే కాదు, ఎర్ర దీపం కూడా వెలిగింది.

"దానికి దీపం కూడా ఉందా?" అన్నాడు ఈలై.

నవ్వాల్సిన సంగతే కానీ ఎవరూ గట్టిగా నవ్వలేదు. జట్టు వరసగా ఎనిమిది ఆటలు ఓడింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, రాబోయే మూడు ఆటలూ పట్టికలో పైనున్న ముగ్గురితోనే. ఇవాళ సాయంత్రం బుండోక్ సిమెంట్ జట్టు. వాళ్ల అమెరికా ఆటగాడు ఏడడుగులవాడు. తంబాన్ వాళ్ల అమెరికా ఆటగాడేమో అత్తగారికి ఒంట్లో బాగాలేదని మొన్న విమానమెక్కాడు. అతనికి పెళ్లి కాలేదన్న సంగతి విమానం ఎగిరాక ఎవరికో గుర్తొచ్చింది. ఆ సిమెంటు గోడ సందుల్లోంచి బంతిని దూర్చగల ఒకే ఒక్కడు ఈలై.

"అసలు విషయానికి రండి," అంది మేడమ్. "ఈ నెలలో మూడుసార్లు ఆటగాళ్ల మార్పిడికి కూర్చున్నాం. ముందు బుర్గోస్, తర్వాత ఒలివా, మొన్న రాత్రి ఈలై. ప్రతిసారీ నేనూ కోచ్, ఇద్దరమే. తలుపేసుకుని, ఫోన్లు బిస్కట్ల డబ్బాలో పడేసి మాట్లాడుకున్నాం. ప్రతిసారీ మర్నాడు రేడియోలో ఆ విలేకరి టోటీ నోట అదే కబురు. బయటికి పొక్కేసరికి అవతలివాళ్లు బెట్టు చేస్తారు, మనవాళ్లు తమ సంగతి రేడియోలో విని గుండె జారి బంతి వదిలేస్తారు. ఆ ఎనిమిది ఓటముల్లో సగం ఆ రేడియో చేసినవే."

"కోచ్‌ని కూడా యంత్రం మీద కూర్చోబెట్టాను," అన్నాడు కర్నల్. "కిమ్మనలేదు."

"నిద్రపోయాడు మరి," అన్నాడు ఈలై. "ఓటములు మొదలయ్యాక పాపం ఆయనకు కునుకు లేదు. ఇక్కడ పట్టింది."

కర్నల్ ఆ మాట విననట్టు నటించాడు. "గదిలో మైకుల్లేవు, నేనే గోడలు తట్టి చూశాను. మిగిలింది మనిషి. మూడుసార్లూ టోటీ ఎదురు హోటల్లో ఎవరి పక్కన కూర్చుని తిన్నాడు? ఈ ఈలై పక్కన! ఇంటి దొంగ వీడే. నాలుగింటికి ఆటకి బస్సు బయల్దేరుతుంది. ఈలోపు వీణ్ని జట్టు నుంచి తీసేస్తున్నట్టు ప్రకటించండి మేడమ్."

మేడమ్ కారిదాద్ కిటికీ వైపు తిరిగింది. "బస్సు కదిలేదాకా గడువు, పెపాంగ్," అంది. "ఈ రోజు ఎవరికీ అన్యాయం జరక్కూడదు. ఈ రోజు అసలు జరక్కూడదు."

"ఒక్క ప్రశ్న మేడమ్. టోటీ పొద్దున ఆరింటికీ రేడియోలో మాట్లాడతాడు, మధ్యాహ్నం పన్నెండుకీ మాట్లాడతాడు. మార్పిడి కబుర్లు ఏ పూట చెప్పాడు?"

మేడమ్ ఆలోచించింది. "పన్నెండింటికే. మూడుసార్లూ."

"రాత్రి తెలిసిన కబురైతే పొద్దున ఆరుదాకా అయినా కడుపులో దాచుకోగలడా వాడు? ఆరింటికి వాడికి తెలీదు. పన్నెండుకి తెలుసు. అంటే మీ గదిలోంచి కారలేదు, మర్నాడు పొద్దున ఇంకెక్కడో పొంగింది." పెపాంగ్ విసనకర్ర టప్‌మని మూసింది. "ఈలైని కుర్చీలోంచి లేవనివ్వండి. అన్నం పెట్టండి."

*

టోటీ పన్‌గనీబన్ ప్రాక్టీసు కోర్టు మెట్ల మీద కూర్చుని, ఆటగాళ్లు బంతిని బుట్టలో తప్ప మిగతా అన్నిచోట్లా వెయ్యడం చూస్తున్నాడు. బక్కపల్చటి మనిషి. గొంతు మాత్రం పెళ్లిపందిట్లో మైకులా ఉంటుంది.

"రా టీటా, కూర్చో. మన కుర్రాళ్లు ఇవాళ గోడను ఓడించేట్టున్నారు, ఇప్పటికి నలభైసార్లు కొట్టారు."

"నీకు కబుర్లు మోసేదెవరు టోటీ?"

"విలేకరి తలైనా ఇస్తాడు గానీ తన మనిషి పేరివ్వడు టీటా."

"నీ తల ఎవరిక్కావాలి, అమ్ముకుంటే పావలా రాదు. పేరు చెప్పు."

టోటీ నవ్వాడు. "చెప్పినా నువ్వు నమ్మవు. నా మనిషి ఇంతవరకు నాతో ఒక్క మాట మాట్లాడలేదు."

"అయితే ఈలై కాదు. వాడు నిద్రలో కూడా వాగుతాడు."

"నేనలా అనలేదే!"

"అన్నావు. సరే, ఆ వేళ్లకేమైంది?"

టోటీ కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ పట్టీలున్నాయి. గభాల్న చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "ఇస్త్రీ చేస్తుంటే కాలింది."

పెపాంగ్ అతని చొక్కాని పైనుంచి కిందిదాకా చూసింది. ఆ చొక్కా ఇస్త్రీపెట్టె మొహం చూసి ఏడాదై ఉంటుంది.

"టోటీ," అంది ఆమె, ఈసారి నవ్వకుండా. "కర్నల్ సాయంత్రం ఈలైని బస్సు దింపేస్తున్నాడు, ద్రోహి అని ముద్ర కొట్టి. నీ కబుర్ల పుణ్యమే."

అతని మొహం వాడిపోయింది. ఈ జట్టు ఓడిన రోజు రేడియోలో గొంతు పూడుకుపోయి పాట పెట్టేసేవాడు టోటీ. వాడి ప్రేమలో కల్తీ లేదు. నోటికే తాళం లేదు.

"ఈలైకి ఏ పాపమూ తెలీదు టీటా. ఒట్టు. కానీ ఎలా తెలిసిందో చెప్పానంటే నా నోటి దగ్గర కూడు పోతుంది. రేపట్నుంచి నన్ను లోపలికి రానివ్వరు."

"ఎక్కడి లోపలికి?"

టోటీ లేచి వడివడిగా వెళ్లిపోయాడు. ఎక్కడికి వెళ్లాడో చూడటానికి డిటెక్టివ్ అక్కర్లేదు. రోడ్డు దాటి ఎదురు హోటల్లో దూరాడు.

*

ఆలింగ్ మార్సెలా, అంటే మార్సెలమ్మ, హోటల్‌కి తలుపు లేదు, బోర్డు లేదు, ధరల పట్టీ అంతకంటే లేదు. పొడుగాటి బల్ల మీద వరసగా మూతలేసిన గిన్నెలుంటాయి. వచ్చినవాడు మూత ఎత్తి చూడాలి, నచ్చితే వేలు చూపించాలి, నచ్చకపోతే మూత పెట్టి పక్క గిన్నెకి వెళ్లాలి. మార్సెలాని ఏం వండావని అడగటం మాత్రం తప్పు. ఆవిడ ఇచ్చే జవాబు ఓ మోస్తరుగా ఉండదు.

టోటీ వెనక బల్ల దగ్గర ఫోను సర్దుకుంటున్నాడు. వాడి పన్నెండు గంటల కార్యక్రమం స్టూడియో నుంచి కాదు, ఇక్కణ్నుంచే, ఫోన్లో. పెపాంగ్‌ని చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఇవాళేం వండావు మార్సెలా?" అంది పెపాంగ్, వేరే ఆలోచనలో పడి.

"కళ్లు రేషన్‌లో ఇచ్చారా? మూత తీసి చూడు."

పెపాంగ్ మొదటి గిన్నె మూత పట్టుకుంది. వెంటనే "అమ్మో!" అని వదిలేసింది. మూత ఖంగుమని బల్ల మీద పడింది. బొటనవేలూ చూపుడువేలూ చుర్రుమన్నాయి.

"గుడ్డతో పట్టుకోవాలని చిన్నపిల్లకు కూడా తెలుసే!" అంది మార్సెలా, ఆమె చెయ్యి లాగి నీళ్ల బిందెలో ముంచుతూ. "ఆ రేడియోవాడూ అంతే. పొయ్యి మీంచి దించీ దించగానే వచ్చి మూతలన్నీ ఎత్తుతాడు. కొంటాడా అంటే ఉడకబెట్టిన గుడ్డు ఒక్కటి!"

పెపాంగ్ నీళ్లలో ఉన్న తన రెండు వేళ్లనూ చూసుకుంది. బొటనవేలు, చూపుడువేలు. తర్వాత టోటీ పట్టీల వైపు చూసింది. టోటీ చెయ్యి బల్ల కిందికి పోయింది.

ఆమె బుర్రలో ఏదో గిన్నె మూత జరిగినట్టయింది.

"నిన్న కరే-కరే వండావు కదూ?"

"వండా."

"రోజూ వండుతావా?"

"ఎద్దు తోక ధర వింటే ఎద్దే మూర్ఛపోతుంది. రోజూ నేనెక్కడ వండను? మేడమ్ ఫోన్ చేసి వండమన్నారు, డబ్బు పంపారు, వండాను."

"ఎప్పుడు చేశారు?"

"మొన్న రాత్రి పొద్దుపోయాక."

"బుర్గోస్ వెళ్లిపోయే ముందో?"

"పంది నెత్తురు కూర, నల్లగా, పచ్చిమిరప వేసి. అదీ మేడమ్ చెప్పిందే."

"ఒలివాకి?"

"చేమాకు కొబ్బరిపాలల్లో. వాడి ఊరివాళ్లకు కళ్లంట నీళ్లు కారితే గానీ తిన్నట్టుండదు." అంటూనే మార్సెలా గరిటె గాల్లో ఆగిపోయింది. "అరే... అవునే. వాళ్లకిష్టమని వండా. మర్నాడు వాళ్లు లేరు."

ఇంక పెపాంగ్ అడగాల్సింది ఒక్కడినే. వెనక బల్ల దగ్గరికి నడిచి టోటీ ఎదురుగా కూర్చుంది.

"నీ కార్యక్రమంలో ప్రతి ఆటగాణ్నీ చివర్న ఏమడుగుతావు?"

టోటీ తల దించుకున్నాడు. "అమ్మ చేతి వంటల్లో నీకేదిష్టం అని."

"అందరివీ నోటికొచ్చా?"

"పన్నెండుమందివీ. మొదటిసారి ఊరికే ఊహించా టీటా. నెత్తురు కూర కనిపించింది, పోయేది బుర్గోసేమో అన్నా. నిజమైపోయింది. తర్వాత... అలవాటు పడిపోయా. నా మనిషి మాట్లాడడని చెప్పాగా. గిన్నె ఎక్కడైనా మాట్లాడుతుందా?"

అప్పుడు రోడ్డు దాటి కర్నల్ ఎవాస్కో వచ్చాడు. చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర పళ్లెంలాంటి చక్రం, భూమిలో ఇనుము కనిపెట్టే సాధనం. వెనకే ఈలై, అతని వెనక సగం జట్టూ నడిచారు.

"రహస్య మైకు ఇక్కడే ఉంది!" అని కర్ర ఊపాడు కర్నల్. అది బీప్ బీప్ మని అరిచింది. కర్నల్ ఒక్కంగలో ముందుకు దూకి మార్సెలా చేతిలోని గరిటె లాక్కున్నాడు.

"ఇది నా పెళ్లినాటి గరిటె," అంది మార్సెలా చాలా నెమ్మదిగా. "వెనక్కిస్తావా, దీంతోనే వడ్డించనా?"

కర్నల్ వెనక్కిచ్చాడు. అయినా పట్టు వదల్లేదు. "గరిటె పోనివ్వండి. వీడు ఇక్కడ తింటాడు, ఆ రేడియోవాడూ ఇక్కడే తింటాడు. ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?"

"ఈ వీధంతా ఇక్కడే తింటుంది కర్నల్ గారూ. మీరూ ఖాతా పెట్టారు," అంది పెపాంగ్. "మేడమ్‌ని పిలిపించండి. ద్రోహి దొరికారు."

*

మేడమ్ కారిదాద్ ఇన్నేళ్లలో ఆ హోటల్లో కాలు పెట్టడం అదే మొదలు. మార్సెలా బెంచీని చేతిగుడ్డతో రెండుసార్లు తుడిచింది.

"ఎవరు?" అంది మేడమ్.

"చెప్పాక కోప్పడకూడదు."

"చెప్పు పెపాంగ్."

"మీరే."

కర్నల్ గట్టిగా నవ్వబోయి, మేడమ్ మొహం చూసి దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు.

పెపాంగ్ అంతా చెప్పింది. నెత్తురు కూర, చేమాకు, కరే-కరే, రాత్రి ఫోన్లు, పొద్దున మూతలు, కాలిన వేళ్లు, అన్నీ. తలుపులకు గడియ పెట్టి, ఫోన్లు డబ్బాలో పెట్టి, చివరికి రహస్యాన్ని పొయ్యి మీద పెట్టించింది మేడమే అని తేల్చింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఇంటి దొంగ తన దొంగతనం తనకే తెలియనిదైతే ఈశ్వరుడు మాత్రం ఏం చేస్తాడు?

మేడమ్ కారిదాద్ తన చేతుల వంక చూసుకుంది.

"ఖాళీ కడుపుతో ఎలా పంపను?" అంది. "ఏళ్లకేళ్లు నా కోసం మోకాళ్లరగదీసుకున్న పిల్లలు. నువ్వు వెళ్లిపో అని చెప్పే ధైర్యం నాకెక్కడిది? వీడ్కోలు విందు పెడదామంటే రహస్యమాయె. ఇష్టమైన కూరన్నా పెట్టిద్దాం అనుకున్నా. అదే నిప్పై వాళ్ల కొంపకే అంటుకుంటుందని నాకేం తెలుసు?"

ఈలై ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అయితే నిన్నటి కరే-కరే..."

"అవున్నాయనా. నీకే."

"చాలా బాగుంది మేడమ్," అన్నాడు ఈలై. కళ్లలో నీళ్లు, మొహంలో నవ్వు, రెండూ ఒకేసారి. "నాలుగో పళ్లెం తినుండాల్సింది."

"నీ కాగితం మీద సంతకం చెయ్యలేదు. ఇంక చేసే పనీ లేదు. నువ్వు కెప్టెన్‌గానే బస్సెక్కుతావు."

జట్టంతా కేకలేసింది. ఒకడు ఈలైని ఎత్తబోయి నడుం పట్టేసి వదిలేశాడు. కర్నల్ ఎవాస్కో ఇనుము వెతికే కర్రను మడిచి, "నేను మొదట్నుంచీ ఈ కోణంలోనే..." అని మొదలెట్టాడు. ఎక్కడా యంత్రం లేదని గుర్తొచ్చాక ధైర్యంగా పూర్తి చేశాడు.

పెపాంగ్ మాత్రం కేకలు వెయ్యలేదు. ఈలై పేరు నిలబడింది, ఆమె గుండె మీంచి రాయి దిగింది. కానీ ఆ "ఇంక చేసే పనీ లేదు" అన్నమాట పంటి కింద రాయిలా తగిలింది. మనసు మార్చుకున్న మనిషి "చెయ్యను" అంటుంది. చేసే పనే లేదంటే?

టోటీ సిగ్గుపడుతూ బల్ల దగ్గరికొచ్చాడు. పన్నెండు కావస్తోంది. అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా, ఈసారి బుద్ధిగా గుడ్డ పట్టుకుని, చివరన ఉన్న పెద్ద గంగాళం మూత ఎత్తాడు. ఆ వాసనకి ఆటగాళ్లంతా ముక్కులు మూసుకున్నారు.

"సార్డీనా!" అన్నాడొకడు. "ఆట రోజునా! ఆలింగ్ మార్సెలా, మమ్మల్ని చంపుతావా?"

"నన్నంటారేం? మేడమే రాత్రి ఫోన్ చేశారు. జట్టుకీ, ఫ్యాక్టరీ కూలీలకీ, అందరికీ సరిపోను వండమన్నారు."

టోటీ నుదురు చిట్లించి పన్నెండుమంది పేర్లూ లోపల్లోపలే తిప్పి చూసుకున్నాడు. "ఇది మనవాళ్లలో ఎవరికీ ఇష్టం కాదే..."

పెపాంగ్ వంగి గంగాళంలోకి చూసింది. డబ్బా చేప ముక్కలు, బీరకాయ, సన్న సేమియా. ఎర్రగా, పల్చగా, ఆవిరి కక్కుతూ ఉంది ఆ పులుసు. పొద్దున్న విన్న మాట చెవిలో మళ్లీ వినిపించింది. ఈనాటికీ నాకు దాన్ని మించింది లేదు.

ఆమె వెళ్లి మేడమ్ పక్కన బెంచీ మీద కూర్చుంది. ఇంకెవరికీ వినపడకుండా, "జట్టుని ఎవరికి అమ్మారు?" అంది.

మేడమ్ కారిదాద్ బొంకలేదు. "సిమెంటువాళ్లకి. ఫ్యాక్టరీ మునిగిపోకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి. వాళ్లకు మన జట్టక్కర్లేదు పెపాంగ్, తమ రెండో జట్టుని దించుకోవడానికి లీగులో మన చోటు కావాలి. వచ్చే నెలకి తంబాన్ పేరుండదు. సాయంత్రం ఆటయ్యాక చెబుదామనుకున్నా. కనీసం వాళ్ల మీద ఒక్కసారి గెలిచి పోదామని."

ఆమె మెల్లగానే చెప్పింది గానీ, ఆ కాస్త జాగాలో ఈలై ఇంకా ఆమె ఎదుటే మోకాళ్ల మీద ఉన్నాడు. వాడు విన్నాడు. వాడి మొహం చూసి మిగతావాళ్లకు అర్థమైంది.

టోటీ ఫోను మోగింది. పన్నెండు. చెవికి పెట్టుకుని గంగాళం వైపు చూశాడు, మేడమ్ వైపు చూశాడు. పాతికేళ్ల ఉద్యోగంలో ఇంత పెద్ద కబురు వాడి చేతికి ఎప్పుడూ చిక్కలేదు. గొంతు సవరించుకున్నాడు.

"శ్రోతలకు నమస్కారం," అన్నాడు. "ఇవాళ తంబాన్ జట్టు నుంచి విశేషాలేమీ లేవు. సాయంత్రం అందరూ ఆటకి రండి. తప్పకుండా రండి. ఇప్పుడో పాట విందాం."

ఈలై లేచాడు. అరిష్టమనీ చూడలేదు, ఆట రోజనీ చూడలేదు. మార్సెలా చేతిలోంచి గరిటె తీసుకుని, గంగాళంలోంచి ఓ గిన్నె నిండా పులుసు పోసి, రెండు చేతులతో పట్టుకొచ్చి మేడమ్ ముందు పెట్టాడు.

"పొద్దుట్నుంచి తిన్నారా మేడమ్?"

"ఇప్పుడే అయింది నాయనా," అంది మేడమ్ కారిదాద్. "మీరు కానివ్వండి."

ఈలై గిన్నెను ఆమె దగ్గరికి ఇంకాస్త జరిపి, చెంచా చేతిలో పెట్టాడు.